తేరుకోవడం

ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజు
అమలాపురంలో, మందుల షాపు మీది గదిలో
పదిహేనేళ్ళ మోకాలినొకదాన్ని
అయస్కాంతం లోపలికి పంపాను.

కృపావతి. పదో తరగతి. ఖోఖోలో పరుగు.
పట్టీలు విప్పి ప్లాస్టిక్ గిన్నెలో వేసింది.
"కదలకూడదమ్మా."
"ఎంతసేపండీ?"
"నీళ్ళు తేరేంతసేపు."
నోరు జారింది. ఆ పిల్ల నవ్వింది.

ఎక్స్‌రే అప్పటికే చూసి ఉన్నాను.
తొడ ఎముక కింది కొసన
ఎముక ఉండాల్సిన చోట చీకటి.
ఆ చీకట్లో సున్నపు చుక్కయినా లేదు.
ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు?
కోతకి పోయిన లంకలో
హద్దురాయి ఏదంటే ఏం చూపిస్తాం!
పైపొర మాత్రం ఒక పక్కన లేచి
గాలికి ఎగిరిన టార్పాలిన్ మూలలా
ముక్కోణంగా నిలబడిపోయింది.

యంత్రం దబదబా బాదుతోంది.
పైన రేకుల మీద వాన దానికి వంత.
అద్దానికి ఇవతల
తెర మీద ఒక్కొక్క గదే తెరుచుకుంది:
గదిలో గది, దాని పక్కన ఇంకో గది,
ప్రతి గదిలో పైసగం తెల్లన, కిందిసగం నల్లన,
నడుమ తాపీమేస్త్రీ మట్టం పెట్టినట్టు
తిన్నని గీత.

మా అమ్మమ్మ ఎర్రనీటి బిందెలో
చిల్లగింజ అరగదీసి కలిపేది.
తెల్లారేసరికి పైన తేట, అడుగున మడ్డి.
"కదపకండర్రా" అని కేకలేసేది.
ఇది గోదారి కాదు.
ఎముకలో చిక్కుకుని, పారే దారి లేక
పడుకున్న పిల్లలో పడుకున్న నెత్తురు.

టెలాంజియెక్టాటిక్ ఆస్టియోసార్కోమా.
పలకడానికే రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి.
పదిహేడేళ్ళ ఉద్యోగంలో
నేను చూడ్డం ఇది రెండోది.
మంచి తిత్తి కూడా ఇలాగే గదులు కడుతుంది,
ఇలాగే గీతలు గీస్తుంది.
కాకినాడ డాక్టరుగారు ఫోన్లో అన్నారు:
"మందు ఎక్కించి మళ్ళీ తియ్యండి. గోడలు చూడాలి."

ఎక్కించాను.
గోడలు వెలిగాయి.
సన్నగా, కోడిగుడ్డు లోపలి పొరలా వెలిగుంటే
నేనీపాటికి టీ తాగుతూ ఉండేదాన్ని.
లావుగా, ముడులు ముడులుగా,
ఒక మూల కండముద్దలా వెలిగాయి.
ఒకచోట ఎముక తెగి
బయటి కండలోకి చారెడు వెలుగు ఒలికింది.

వెనక ఎవరో దగ్గారు.
నేలపూడి యేసోబు, లస్కరు, గన్నవరం పక్క కాలువ.
రాత్రంతా గట్టు మీదే ఉన్నాడట,
ప్యాంటు మోకాళ్ళ దాకా ఒండ్రు.
లోపలికి రాకూడదని చెప్పాలి.
చెప్పలేదు.

తెర వంక చాలాసేపు చూశాడు.
"గట్టుకి ఊట పడితే, అమ్మా,
తేటనీరొస్తే మేం భయపడం.
మట్టినీరొస్తేనే,
లోపల్నించి తినేస్తోందని లెక్క."
తెగినచోట వేలు పెట్టాడు, తెరకి తగలకుండా.
"ఇక్కడొచ్చేది తేటా, మట్టా?"

రిపోర్టు డాక్టరుగారిస్తారు అన్నాను.
ముక్క తీసి పరీక్ష చేస్తేగానీ అన్నాను.
అవన్నీ నిజాలే.

"ఆయ్" అన్నాడు.
కాసేపాగి, ఎవరితోనో బేరమాడుతున్నట్టు,
"గండి ఇంకా చిన్నదేగా.
చిన్నప్పుడే చూస్తే బస్తాలతో ఆపుతాం.
మొన్న రెండుచోట్ల ఆపాం."
ఎన్నిచోట్ల ఆపలేకపోయారో
ఆయన చెప్పలేదు, నేనడగలేదు.

బల్ల బయటికి జారింది.
కృపావతి చెవుల్లో దూది తీస్తూ
"అయిపోయిందా? తేరాయా నీళ్ళు?" అంది.
"తేరాయమ్మా."

లేచి కూచుంది.
లోపల గీతలన్నీ చెరిగిపోయుంటాయి,
తేటా మడ్డీ మళ్ళీ ఒకటై.
తండ్రి కిందికి వంగి పట్టీలు పెడుతున్నాడు,
ఒండ్రు చేతులతో, కుడికాలికి ముందు,
ఎడమకాలి చీల దొరక్క
చాలాసేపు.